పవర్ మాత్ర అడగకండి

“అన్నా, జ్వరానికి కొంచెం పవరున్న గోలీలియ్యి. పొద్దుగాల డ్యూటీకి పోవాలె.”

ముసురు పట్టిన ఓ సాయంత్రం మా వీధి మలుపులోని మందుల షాపులో నా ముందు నిలబడ్డ కుర్రాడు అడిగింది అంతే. ముక్కు కారుతోంది, కళ్లు ఎర్రబడ్డాయి. కౌంటర్ వెనక ఉన్నతను ఎన్ని రోజుల నుంచి అని అడగలేదు, చీటీ ఏదని అడగలేదు. అలవాటైన చెయ్యి దానంతటదే వెనక అరలోకి వెళ్లింది. అజిత్రోమైసిన్ 500 షీటు తీసి మూడు మాత్రల మేర కత్తెరతో కోశాడు. నాలుగు పారాసెటమాల్, గ్యాస్‌కని మూడు బిళ్లలు కలిపి కాగితం కవర్లో పడేశాడు. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది. కుర్రాడి చేతికి వెళ్లిన ముక్క వెనక నిలువుగా ఒక ఎర్రగీత ఉంది. అతను దాన్ని చూడలేదు. చూసినా, దాని అర్థం అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

డాక్టర్ రాయనిదే ఈ మందు అమ్మకూడదు, కొనకూడదు, వాడకూడదు అని ఆ గీత అర్థం. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో దీని మీద ప్రచారం కూడా చేసింది. అయినా వానలు మొదలైతే చాలు, హైదరాబాద్ బస్తీల నుంచి ఏజెన్సీ పల్లెల దాకా ఏ షాపు ముందు నిలబడినా ఆ కుర్రాడి మాటే వినిపిస్తుంది. పవరున్న మాత్ర, పవరున్న ఇంజెక్షన్. ఈ ‘పవర్’ అనే మాట మనుషుల్ని చంపుతోంది. ఈ సీజన్‌లోనే, మన ఇళ్లలోనే చంపుతోంది. అందుకే ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

పారాసెటమాల్ ఏ జ్వరాన్నైనా కాసేపు దించుతుంది. యాంటీబయాటిక్ అలాంటిది కాదు. అది జ్వరం మందే కాదు. బ్యాక్టీరియా ఒంట్లో ఒకానొక భాగాన్ని వెతికి పట్టుకుని దాని మీదే దెబ్బ వేస్తుంది. ఆ భాగం లేని క్రిమి మీద అది మంచినీళ్లతో సమానం. జలుబు, ఫ్లూ, డెంగీ, చికున్‌గున్యా వైరస్‌ల వల్ల వస్తాయి. వైరస్‌కు బ్యాక్టీరియాలాగా గోడ లేదు, సొంత వంటిల్లు లేదు. అది మన కణంలో దూరి మన సరంజామానే వాడుకుంటుంది. యాంటీబయాటిక్ కొట్టడానికి అక్కడ ఏమీ లేదు. ‘వేసుకున్నాక తగ్గింది కదా’ అంటారు. మామూలు వైరల్ జ్వరం ఏ మందూ వేసుకోకపోయినా కొద్ది రోజుల్లో తగ్గేదే.

మరి ఏ మందు ఎక్కడ కొడుతుంది? ఇది డాక్టర్లకే తెలియాల్సిన రహస్యం కాదు. ఇంటి పెద్దలందరికీ తెలిసి ఉండాలి.

పెన్సిలిన్‌తో మొదలుపెడదాం. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గాజు పళ్లెంలో పెంచుతున్న బ్యాక్టీరియా మధ్య బూజు పట్టింది. ఆ బూజు చుట్టూ బ్యాక్టీరియా కరిగిపోయి కనిపించింది. బ్యాక్టీరియా చుట్టూ గట్టి గోడ ఉంటుంది. పెరిగేటప్పుడు ఆ గోడను తెరిచి కొత్త వరసలు కట్టుకుంటుంది. పెన్సిలిన్ వెళ్లి ఆ గోడ కట్టే మేస్త్రీ చేతులు పట్టేసుకుంటుంది. కట్టడం ఆగిపోతుంది, లోపలి ఒత్తిడికి గోడ బద్దలై బ్యాక్టీరియా చస్తుంది. మన కణాలకు అలాంటి గోడే లేదు కాబట్టి మనకు దెబ్బ తగలదు. పెన్సిలిన్ పడని, ఎలర్జీ వచ్చే మనుషులు కొందరుంటారు, వాళ్ల సంగతి వేరు. పిల్లల న్యుమోనియాకు, చెవిపోటుకు, కొన్ని గొంతు ఇన్ఫెక్షన్లకు ఇచ్చే అమాక్సిసిలిన్ ఈ కుటుంబమే. సెఫిక్సిమ్ మాత్ర, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ దీనికి దాయాదులు. ఐసీయూలో వాడే మెరోపెనెమ్ కూడా గోడనే కొడుతుంది.

రెండో గురి రైబోజోమ్. బ్యాక్టీరియా తనకు కావలసిన ప్రొటీన్లు వండుకునే వంటిల్లు అది. అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ దాని ఒక భాగాన్ని పట్టుకుంటాయి. డాక్సీసైక్లిన్, దాని అన్నదమ్ములైన టెట్రాసైక్లిన్లు ఇంకో భాగాన్ని. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు వంట తప్పుగా చేయించి, పనికిరాని ప్రొటీన్లు తయారయ్యేలా చేస్తాయి. ఈ ఇంజెక్షన్లు మోతాదు తప్పితే మూత్రపిండాలను, వినికిడిని దెబ్బతీస్తాయి. ఇవి ఇంట్లో పొడిపించుకునే సూదులు కావు.

సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్‌ల గురి బ్యాక్టీరియా డీఎన్‌ఏ. మెలికలు విప్పి నకలు తీసుకునే ఎంజైమ్‌ను అవి బిగబట్టేస్తాయి. మెట్రోనిడజోల్ గాలి సోకని చోట బతికే బ్యాక్టీరియా మీద, అమీబా మీద పనిచేస్తుంది. విరేచనాలు అనగానే షాపువాళ్లు ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర చేతిలో పెడతారు. నీళ్ల విరేచనాలకు చాలాసార్లు కావలసింది ఓఆర్‌ఎస్, పిల్లలకైతే దానితోపాటు జింక్. మలంలో రక్తం పడితేనో, తీవ్రమైన జ్వరం ఉంటేనో డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

సల్ఫా మందుల కథలో మనవాడొకడున్నాడు. బ్యాక్టీరియా తనకు కావలసిన ఫోలిక్ యాసిడ్‌ను తనే తయారుచేసుకోవాలి. మనకు అది ఆకుకూరల్లో, పప్పుల్లో దొరుకుతుంది. ఆ తయారీని ఆపేయడమే సల్ఫా మందు చేసే పని. మనిషికి అవసరమైన అదే ఫోలిక్ యాసిడ్‌ను అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన నాయకత్వంలోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందే మొట్టమొదటి టెట్రాసైక్లిన్. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

ఆయన పేరు ఇక్కడ ఎత్తడానికి కారణముంది. ఆ టెట్రాసైక్లిన్ల ఇంటి బిడ్డ డాక్సీసైక్లిన్ ఇవాళ స్క్రబ్ టైఫస్ నుంచి మనవాళ్ల ప్రాణాలు కాపాడుతోంది. ‘పవర్’ భ్రమ ఎంత ప్రమాదమో ఈ ఒక్క జబ్బు చూస్తే చాలు.

స్క్రబ్ టైఫస్ పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి సరిగా ఆనని పురుగు పిల్ల కుట్టడంతో వస్తుంది. వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో ఎక్కువ. పొలం పనికి వెళ్లినవాళ్లకు, గొర్రెలు కాసేవాళ్లకు, ఇంటి వెనక పిచ్చిమొక్కల్లో ఆడే పిల్లలకు వస్తుంది. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. చూడటానికి టైఫాయిడ్‌లానో డెంగీలానో ఉంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు వైడాల్ పరీక్ష చేయిస్తారు. ఒక్క వైడాల్‌ను నమ్మి టైఫాయిడ్ అని తేల్చకూడదు, అయినా కాగితం మీద ‘పాజిటివ్’ కనపడుతుంది. సెలైన్ ఎక్కించి, అందులో సెఫ్ట్రియాక్సోన్ పెడతారు. ఖరీదైన ఇంజెక్షన్, ‘పవరున్నది’. రెండో రోజు, మూడో రోజు, నాలుగో రోజు. జ్వరం దిగదు.

ఎందుకు దిగదంటే, సెఫ్ట్రియాక్సోన్ గోడను కొట్టే మందు. స్క్రబ్ టైఫస్ క్రిమి మన కణాల లోపల దాక్కుని బతుకుతుంది. ఆ మందుకు చిక్కేంత గోడ దానికి లేదు. ఎన్ని సీసాలు ఎక్కించినా గాలిలో కత్తి తిప్పినట్టే. ఈలోగా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అదే క్రిమి మీద డాక్సీసైక్లిన్ సరైన సమయంలో పడితే, సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఒక్కో మాత్ర కొద్ది రూపాయలే. చవక మాత్ర బతికించేచోట ఖరీదైన ఇంజెక్షన్ చేతులెత్తేస్తుంది. అంతమాత్రాన రేపు షాపుకెళ్లి డాక్సీసైక్లిన్ కొనుక్కుంటే అదే తప్పు ఇంకో పేరుతో చేసినట్టవుతుంది. ఏ క్రిమి అన్నది తేలాలి. తేల్చగలిగినవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

తగ్గని దగ్గుకు లెవోఫ్లాక్సాసిన్ ఇవ్వడం ఇలాంటిదే, ఇంకా మోసకారి వ్యవహారం. అది క్షయ క్రిమిని కూడా కొంత అణుస్తుంది. దగ్గు తగ్గినట్టుంటుంది, కఫం పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు, నెల రోజులకు మళ్లీ మొదలవుతుంది. ఆలోగా ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది. పైగా మొండి క్షయకు దాచిపెట్టుకున్న ముఖ్యమైన మందుల్లో అదొకటి. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు కఫం పరీక్ష చేయించాలి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేస్తారు.

మళ్లీ ఆ కుర్రాడి మూడు అజిత్రోమైసిన్ మాత్రల దగ్గరికి వద్దాం. 2019 నాటి ప్రైవేటు అమ్మకాల లెక్కల్లో దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన యాంటీబయాటిక్ మాత్ర అదే, అజిత్రోమైసిన్ 500. దాని తర్వాతది సెఫిక్సిమ్ 200. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ ‘కనిపెట్టి వాడండి’ అనే వర్గంలో పెట్టింది. మనం చాక్లెట్లలా వాడుతున్నాం.

టైఫాయిడ్‌కు ఒకప్పుడు క్లోరాంఫెనికాల్ ఉండేది. దానికి క్రిమి లొంగడం మానేసింది. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది. మన దేశంలో దానికీ లొంగడం మానేసింది. ఇప్పుడు మనకు మిగిలింది ప్రధానంగా సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్‌ల కుటుంబం, అజిత్రోమైసిన్. 2016 చివర్లో హైదరాబాద్‌లో సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ మొదలైంది. మన హైదరాబాద్ కాదు, పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్. అక్కడ నోటితో వేసుకునే మందు అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అదీ పోతే ఐసీయూ ఇంజెక్షన్లే గతి. అలాంటి మందును మనం ముక్కు కారినప్పుడల్లా మూడేసి మింగుతున్నాం. మూడు రోజులు వేసుకున్నాక కూడా అది చాలా రోజులపాటు ఒంట్లో కొద్దికొద్దిగా ఉంటుంది. మన పేగుల్లోని కోట్లాది బ్యాక్టీరియా ఆ కొద్దిపాటి మందులో ఈత నేర్చుకుంటాయి. నేర్చుకున్నదాన్ని పక్కవాటికి జన్యువుల రూపంలో పంచిపెడతాయి కూడా.

ఇది నాకు పుస్తకాల్లో చదివినప్పటికంటే పోయినేడు మా పిన్ని కల్చర్ రిపోర్టు చేతిలో పట్టుకున్నప్పుడు బాగా అర్థమైంది. మూత్రంలో మంట వచ్చినప్పుడల్లా పిన్ని బీరువా మీది పాత బిస్కెట్ డబ్బా దించేది. అందులో ఎవరెవరికో, ఎప్పుడెప్పుడో రాసిన మాత్రల మిగులు ఉండేది. మంట తగ్గేదాకా రెండో మూడో సిప్రోఫ్లాక్సాసిన్, అవి అయిపోతే ఇంకేదో. ఏళ్ల తరబడి అదే వైద్యం. చదువుకున్నవాళ్లం, ఇంటినిండా ఉన్నాం, ఒక్కరమూ ఆ డబ్బా తీసి పారేయలేదు. ఈసారి చలిజ్వరం, నడుము పక్క నొప్పి వచ్చాయి. ఆసుపత్రిలో చేర్చాం. మూడో రోజు రిపోర్టు వచ్చింది. ఎడమ పక్క మందుల పేర్లు, కుడి పక్క ఒక్కో అక్షరం. ‘ఎస్’ అంటే క్రిమి లొంగుతుంది, ‘ఆర్’ అంటే లొంగదు. యాంపిసిలిన్ ఆర్. సెఫిక్సిమ్ ఆర్. సెఫ్ట్రియాక్సోన్ ఆర్. సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్. సల్ఫా ఆర్. వేలితో ఒక్కో వరస కిందికి దిగుతూ పోయాను. మాత్రల్లో ఒక్క నైట్రోఫ్యురాంటాయిన్ ఎదురుగా ఎస్ కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపారు. “అది మూత్రాశయంలోనే పనిచేస్తుందండీ. ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కింది, అక్కడ దాని మోతాదు చాలదు.” చివరి వరసల్లో అమికాసిన్, మెరోపెనెమ్. అప్పటికే కిడ్నీల పనితీరు తగ్గి ఉంది కాబట్టి అమికాసిన్ ఇవ్వలేమన్నారు. మిగిలింది ఒకే ఒక్కటి. రోజుకు మూడు పూటలు, పది రోజులు, నరం దొరక్క ఈ చేతినుంచి ఆ చేతికి మార్చిన సూది. పిన్ని బతికింది. మళ్లీ వస్తే ఆ చివరి అక్షరం కూడా మారిపోతే ఏమిటన్నది ఇప్పటికీ నా నిద్ర పాడుచేస్తున్న ప్రశ్న.

2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. అందులో మన దేశం వాటా దాదాపు 3 లక్షలు.

తప్పంతా మాత్ర మింగినవాడిదేనంటే అది అన్యాయం. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో స్వీడన్ పరిశోధకులు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ప్రచురించారు. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదాని కంటే అది ఎక్కువ. ఆ నీరు చేరిన వాగుల్లో బ్యాక్టీరియాకు అంతకన్నా గొప్ప శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? ఇటు సుబ్బారావు పుట్టిన భీమవరం చుట్టూ ఇప్పుడు కనుచూపు మేర రొయ్యల చెరువులు. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల తెగులు వైరస్‌ది, దానికి ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. చెరువు పోతోందన్న భయంలో రైతు ఏ మందు చెబితే ఆ మందు కొట్టకుండా ఉండలేడు. అక్కడ సలహా చెప్పేది మందు అమ్మేవాడే. నిషేధించిన యాంటీబయాటిక్‌ల ఆనవాళ్లు దొరికి మన దేశపు రొయ్యల కంటైనర్లు ఐరోపా, అమెరికాల నుంచి వెనక్కి వచ్చిన సందర్భాలున్నాయి. కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. ఐసీయూలో అన్నీ విఫలమైనప్పుడు మనుషులకిచ్చే ఆఖరి మందుల్లో ఒకటి అది. అంతవరకు దాన్ని కోళ్లు బలంగా పెరగడానికి దాణాలో కలిపారు.

చట్టం లేక కాదు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లో ఉంది. ఆ జాబితాలోని యాంటీబయాటిక్ అమ్మితే రోగి పేరు, డాక్టర్ పేరు, మందు, ఎన్ని ఇచ్చారన్నది రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. అజిత్రోమైసిన్ లాంటివి ఆ జాబితాలో లేకపోయినా, వాటికీ చీటీ తప్పనిసరే. రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులను అడుగుతున్నాను: ఈ వానాకాలంలో ఎన్ని షాపుల రిజిస్టర్లు తెరిచి చూస్తారు? కేరళలో చీటీ లేనిదే యాంటీబయాటిక్ అమ్మకుండా కట్టడి చేశారు. మందును విడిగా నీలం రంగు కవర్లో పెట్టివ్వాలని 2024లో షాపులకు చెప్పారు. అది అక్కడ సాధ్యమైతే ఇక్కడ ఎందుకు కాదు? ఆర్‌ఎంపీలకూ ఒక విన్నపం. అర్ధరాత్రి తలుపు తట్టినా పలికేది మీరే, పల్లె మిమ్మల్నే నమ్ముకుంది. ఆ నమ్మకంతోనే అడుగుతున్నాను. మొదటి రోజు జ్వరానికి సెఫ్ట్రియాక్సోన్ పెట్టకండి.

యాంటీబయాటిక్ అవసరమైనవాళ్లు ఈ మాటలకు భయపడి మానేయకూడదు. న్యుమోనియా వచ్చిన పసిబిడ్డకు ఒక్క రోజు ఆలస్యమైనా ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వాళ్లకు 40, అంతకు చేరినా దాటినా, పక్కటెముకల కింద గుంటలు పడుతున్నా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. రెండు నెలల్లోపు పసికందైతే లెక్కపెడుతూ కూర్చోవద్దు, జ్వరం వచ్చినా పాలు తాగకపోయినా తీసుకెళ్లండి. డాక్టర్ యాంటీబయాటిక్ రాస్తే ఇది ఏ ఇన్ఫెక్షన్‌కు, ఎన్ని రోజులు అని అడగండి. చెప్పినన్ని రోజులూ చెప్పిన వేళకు వేయండి. నయమనిపించిందని మధ్యలో మీరే ఆపకండి, ఇంకా నీరసంగా ఉందని మీరే పొడిగించకండి. సిప్రోఫ్లాక్సాసిన్‌ను పాలతో, పెరుగుతో వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. డాక్సీసైక్లిన్‌ను గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని కాసేపు పడుకోకుండా ఉండాలి. నీళ్లు కలిపిన పిల్లల సిరప్ కొద్ది రోజులే పనికొస్తుంది. ఫ్రిజ్ తలుపులో పోయిన నెల నుంచి ఉన్న సీసా ఇప్పుడు మందు కాదు.

ఇంట్లో ఎవరికైనా జ్వరం నాలుగైదు రోజులు దాటినా, మధ్యలోనే ఆయాసమో మగతో వచ్చినా, మూత్రం తగ్గినా ఇంకో షాపు తిరగకుండా రక్తపరీక్షలు చేసేచోటికి తీసుకెళ్లండి. వెళ్లే ముందు ఒక్క పని చేయండి. చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, మొలతాడు కట్టుకునే చోట, చెవుల వెనక, బట్టలు తప్పించి దీపం వెలుతురులో చూడండి. స్క్రబ్ టైఫస్ అయితే, పురుగు పిల్ల కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఉండొచ్చు. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియకపోవచ్చు. లేకపోయినంత మాత్రాన జబ్బు లేదని కాదు. కనిపిస్తే మాత్రం ఫోన్‌లో ఫొటో తీసి, డాక్టర్ గారి బల్ల మీద మిగతా కాగితాలన్నిటికంటే ముందు అదే పెట్టండి.